తెల్లపట్టీ లేని పిట్ట

లతీఫ్‌కు గురువు మీద కోపంగా ఉంది. పొద్దున వచ్చి సాయంత్రానికి చల్లారే కోపం కాదు. ఎండాకాలం మొదట్లో మొదలై, దర్గా మెట్ల రాయి వేడెక్కినట్టు రోజురోజుకూ వేడెక్కుతూ వచ్చిన కోపం.

కారణం ఆ అరుగు. ఎర్రగుట్ట దర్గా చుట్టూ తాటివనం ఉంది. చెట్లు గీసే గౌడులు తెల్లారుతూనే కల్లు దించి, ఎండ ముదిరే వేళకు చెట్టెక్కే మోకులు భుజాన వేసుకొని వచ్చి దర్గా అరుగు మీద నడుం వాల్చేవారు. లతీఫ్ ముక్కు మూసుకొని పక్కనుంచి పోయేవాడు. గురువు కమాల్ షా బాబా మాత్రం తన కుండలో నీళ్ళు తానే ముంచి వాళ్ళకు ఇచ్చేవారు.

“బాబా, ఇది వలీ, అంత పెద్ద మహాత్ముడు, పండుకున్న జాగ. ఇక్కడ కల్లు వాసన రావొచ్చునా?” అని లతీఫ్ ఒకసారి అడగనే అడిగాడు.

“నాకు ముక్కు సరిగ్గ పనిచేస్తలేదు బేటా. ముసలోణ్ణయిన,” అన్నారు బాబా.

లతీఫ్‌కు ఒళ్ళు మండింది. అడిగినదానికి జవాబు చెప్పకపోవడం బాబాకు అలవాటే. కానీ ఇది అలవాటుగా తోసేసే విషయమా? ఇల్లూ వాకిలీ వదిలి, ఈ గుట్ట కింద చాప పరుచుకొని, ఐదు పూటలా నమాజు తప్పకుండా బతుకుతున్నది ఇందుకా? చాపా అదే, కుండా అదే, నీళ్ళూ అవే, తనకూ వాళ్ళకూ ఒకటే మర్యాద!

ఆ కోపాన్నంతా అతను పిట్టల మీద పెట్టాడు. ఎలాగో చెప్తాను.

దర్గా గుమ్మటం కింద, తోరణాల మూలల్లో, నల్లటి పిట్టల గూళ్ళు గుంపుగా ఉండేవి. ఈకలూ గడ్డిపోచలూ ఉమ్మితో అంటించి కట్టుకున్న గూళ్ళు. ఆ పిట్టలు కొమ్మ మీద వాలవు, తీగ మీద కూర్చోవు. కొడవలి లాంటి రెక్కలతో పొద్దంతా గాలిలోనే తిరుగుతాయి, గాలిలోనే తింటాయి. వాటిని దర్గావాళ్ళు అబాబీలు అంటారు. వెనకటికి ఏనుగుల సేన మీద రాళ్ళు విడిచి మక్కాను కాపాడిన పిట్టల సంతతి ఇవేనని వాళ్ళ నమ్మకం. నల్లటి ఒంటి మీద, తోక మొదట్లో, నడుముకు చుట్టినట్టు తెల్లని పట్టీ ఒకటి ఉంటుంది. హజ్‌కు పోయేవాళ్ళు కట్టుకునే తెల్లబట్ట అదేనని ముసలివాళ్ళు చెప్పుకునేవారు.

ఆ పిట్టకు కాళ్ళు పేరుకే. గోళ్ళతో గోడ పట్టుకొని వేలాడగలదు గానీ, నేల మీద నడవలేదు. గాలికో వానకో నేలబడితే తనంతట తాను లేవడం మహా కష్టం. ఎవరో ఒకరు ఎత్తాలి. అందుకే దర్గాలో ఒక ఆచారం ఉంది. పడిన పిట్టను బుట్టలో ఆరబెట్టి, మేడ మీదికి తీసుకుపోయి, అరచేతిలో పెట్టి ఎత్తుతారు. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఆ ఇంటివాళ్ళు వచ్చి పేరు చెప్తారు. ఆ పేరు మీద పిట్టను ఎత్తుతారు. పిట్ట లేస్తే మనిషీ లేస్తాడని ఆశ.

ఆ పని లతీఫ్‌ది. చాలా శ్రద్ధగా చేసేవాడు, కాదనను.

అయితే దర్గా మీద తిరిగేవి అబాబీలు మాత్రమే కాదు. తాటివనంలో ఇంకో రకం ఉంది. అదీ కొడవలి రెక్కలదే, అదీ వాలని పిట్టే. దాని గూడు మాత్రం ఎండిన తాటికమ్మ అడుగున, అరచేతిలో సగం లేని గిన్నెలా అంటుకొని ఉంటుంది. గౌడులు దాన్ని తాటిపిట్ట అంటారు. సాయంత్రం పూట రెండు రకాలూ కలిసిపోయి గుమ్మటం చుట్టూ కీచుమంటూ తిరుగుతుంటే, మామూలు మనిషికి అన్నీ ఒకటే.

లతీఫ్‌కు ఒకటి కాదు. మేడ మీద మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూసి చూసి, రెంటినీ విడదీయడం నేర్చుకున్నాడు. ఎంత ఎత్తున ఉన్నా, ఎంత వేగంగా పోయినా, వేలు చూపించి ఇది అబాబీల్, అది తాటిపిట్ట అని చెప్పేవాడు. చూసినవాళ్ళు నోరు తెరిచేవారు. అంతవరకూ బాగానే ఉంది. తేడా తెలియడం తప్పేం కాదు, అదొక విద్య. కానీ మెల్లగా ఆ విద్యకు తోక మొలిచింది. పిట్టలకు దండం పెట్టుకునే ముసలమ్మలను కూడా, “దానికి పెట్టకమ్మా, అది కల్లుచెట్టుది. అగో, దీనికి పెట్టు,” అని దిద్దడం మొదలుపెట్టాడు. పాపం, వాళ్ళు చేతులు అటూ ఇటూ తిప్పుకునేవారు.

“నీ కండ్లు మంచియి బేటా,” అన్నారు బాబా ఒకరోజు.

లతీఫ్ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

వైశాఖం చివర్లో ఒక రాత్రి గాలివాన విరుచుకుపడింది. తెల్లారేసరికి దర్గా వాకిలంతా కమ్మలూ రేకులూ పిట్టలూ. లతీఫ్ నల్లపిట్టలను ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసుకొని, మెత్తని గుడ్డ కప్పి, తాటాకు విసనకర్రతో విసురుతూ ఆరబెట్టాడు. ఆరినవాటిని ఆరినట్టే మేడ మీదికి తీసుకుపోయి ఎగరేశాడు. ఇక ఒకటే మిగిలింది. దాని రెక్కలు ఇంకా తడిగా ఉన్నాయి.

అప్పుడొచ్చింది కొమురమ్మ. గౌడులావిడ. కొంగు ముడిచి గుండెకు పట్టుకొని, బురదలో చెప్పులు లేకుండా వచ్చింది.

“ఏమున్నదమ్మా కొంగుల?” అన్నాడు లతీఫ్.

“పిట్ట సాబూ. మా గౌడు గీసిన చెట్టు రాత్రి గాలికి ఇరిగి పడ్డది. దాని కమ్మల కింద దొరికింది. లేస్తలేదు. జర మేడ మీదికెల్లి ఎత్తు, మా గౌడు పేరు మీద.”

లతీఫ్ కొంగులోకి తొంగి చూశాడు. అతనికి ఒక్క చూపు చాలు. సన్నటి ఒళ్ళు, బూడిద రంగు, రెండుగా చీలిన తోక. నడుం మీద తెలుపు లేదు.

“ఇది అబాబీల్ కాదు,” అన్నాడు.

“మరేంది?”

“తాటిపిట్ట. కల్లుచెట్టు మీద పుట్టింది. దీన్ని దర్గా మీదికెల్లి ఎత్తరు.”

“ఎవలన్నరు ఎత్తరని?”

“నేనంటున్న.”

కొమురమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “నీ చేతుల ఇసనకర్ర ఏ చెట్టుది సాబూ?”

లతీఫ్ చేతిలోని విసనకర్ర వైపు చూశాడు.

“మా గౌడు కోసిన కమ్మ అది. నా చేతుల్తోని అల్లిన. అది దర్గలకు రావొచ్చు, నీకు గాలి ఇసరొచ్చు. ఆ చెట్టు మీద పిట్ట మాత్రం రావొద్దా?”

లతీఫ్ విసనకర్రను ఒడిలో బోర్లించాడు. ముఖం కందగడ్డ అయింది. “నాతోని వాదం పెట్టుకోకు. ఇది పద్ధతి. తోక చూడు, నడుం చూడు. తెల్లపట్టీ ఉన్నదా? లేదు. లేనప్పుడు నేనేం చెయ్యాలె?”

“ఏం చెయ్యాలెనో చెప్తిని గద! ఎత్తాలె!” కొమురమ్మ గొంతు పెరిగింది. “బతుకమ్మ పండుగ ముందర మా గౌడు చెట్టు మీదికెల్లి పడ్డడు. నడుం పోయింది. అప్పటికెల్లి గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. తినమంటే తినడు, పలుకుమంటే పలుకడు. నాతోని గాదు, దేవునితోని గాదు, ఎవలతోని మాట్లాడడు. పొద్దుగాల ఈ పిట్టను తీసుకపోయి మొకం ముంగట పెడితే, దాన్ని చూసి నోరు తెరిచిండు. ‘దర్గాకు తీస్కపోయి నా పేరు మీద ఎత్తియ్యి’ అన్నడు. ఇన్ని నెల్లకు మనిషి ఒక్క మాటన్నడు సాబూ. ఒక్క మాట! ఆయన లేస్తడో లేవడో నాకు తెల్వది. నేను ఇంట్ల కాలు పెట్టంగనే ‘ఎగిరిందా’ అని అడుగుతడు. ఏమని చెప్పాలె? తోక మంచిగ లేదన్నరని చెప్పాలెనా?”

అక్కడ ఆగాల్సింది లతీఫ్. ఆగలేదు. ఎండాకాలం మొదటి నుంచీ పోగుపడిన కోపమంతా నాలుక చివరికి వచ్చింది.

“తాగి చెట్టెక్కితే పడరా మరి?” అన్నాడు.

ఈ మాట అన్నందుకు ఎవరైనా అతన్ని లాగి ఒక్కటి వేసి ఉంటే నేను అడ్డుపడేవాణ్ణి కాదు. కొమురమ్మ భర్త బుచ్చాగౌడ్ దించిన కల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తాగాయి. చెట్టెక్కే మనిషి మాత్రం చుక్క ముట్టేవాడు కాదు. ఆ సంగతి తాటివనంలో అందరికీ తెలుసు. తెలియని ఒక్కడూ ముక్కు మూసుకొని పక్కనుంచి పోయేవాడు.

కొమురమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మెట్టు మీద కూలబడింది.

“నేను పోను,” అంది. “ఇది సచ్చినా ఈ మెట్టు మీదనే సావనీ.”

కొంగులో పిట్ట కళ్ళు మూసుకుంటోంది.

ఆ కేకలకే బాబా గదిలోంచి బయటికొచ్చారు. లతీఫ్ అన్న ఆఖరి మాట ఆయన చెవిన పడినట్టుంది. ఆయన ముఖం చూసి లతీఫ్ లేచి నిలబడ్డాడు. బాబాకు కోపం రావడం దర్గాలో ఎవరూ చూడలేదు. అప్పుడు వచ్చింది. గడ్డం కింద మెడ నరాలు బిగుసుకున్నాయి, చేతిలో తస్బీ మాల పూసలు కదలడం ఆగిపోయింది. ఇప్పుడు తిడతారు, అనుకున్నాడు లతీఫ్. తిట్టనీ, తన దగ్గర జవాబు ఉంది.

బాబా తిట్టలేదు. కొంచెంసేపు ఊపిరి పీల్చుకొని, “ఏంది లతీఫ్?” అన్నారు.

“మీరే చెప్పండి బాబా, నేనన్నదాంట్ల తప్పేమున్నది? అబాబీల్ తోక పొట్టిగ, తెగగోసినట్టు ఉంటది. దీని తోక పొడుగు, రెండు పాయలు. దానికి నడుం మీద తెలుపు, గొంతు కింద తెలుపు. దీనికి ఎక్కడ తెలుపు లేదు. దానిది నలుపు, దీనిది మట్టిరంగు. అది గుమ్మటం కింద గుంపుల ఉంటది, ఇది కమ్మ కింద ఉంటది. కూత కూడ వేరు. ఇన్ని తేడాలు కండ్లకు కనబడంగ ఒకటే అని ఎట్లనాలె? అందరు ఒకటే అంటే ఇగ ఎరుక ఎందుకు, నమ్మకం ఎందుకు?”

అడిగింది పిట్టల గురించి కాదని అతనికీ తెలుసు, బాబాకూ తెలుసు.

బాబా అంతా విన్నారు. “మంచిగ చెప్పినవ్. ఒక్కటి తప్పు లేదు,” అన్నారు.

లతీఫ్‌కు గుండె నిండింది. కొమురమ్మ తల వాల్చింది.

“కండ్లు మూసుకొని కూడ చెప్తవా?”

“చెప్త బాబా. తోక తడిమితే చాలు.”

బాబా వంగి, కొమురమ్మ కొంగులోంచి పిట్టను రెండు చేతులతో తీసుకున్నారు. లతీఫ్ బుట్టలో మిగిలిన అబాబీల్ పక్కన పెట్టారు. తన భుజం మీది శాలువా తీసి బుట్ట మీద కప్పారు.

“చెయ్యి పెట్టు. తెల్లపట్టీ హాజీ సాబును బయటికి తియ్యి.”

లతీఫ్ శాలువా కింద చేయి పెట్టాడు. లోపల వెచ్చగా ఉంది. తడి ఈకల వాసన వస్తోంది. రెండు పిట్టలూ ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోయాయి. వీపు ఏదో, రెక్క ఏదో తెలియలేదు. తోక వెతుకుదామని వేళ్ళు జరిపాడు.

అంతలో ఏదో అతని చూపుడువేలును పట్టుకుంది.

సూదుల్లాంటి గోళ్ళు. వేలు కదిపితే ఇంకా గట్టిగా దిగాయి. పిట్ట తన బరువంతా ఆ వేలికి వేలాడేసి, మెల్లమెల్లగా పైకి పాకి, అతని అరచేతికి పొట్ట ఆనించింది. పొట్ట లోపల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ సందు లేదు. ఎన్ని పిట్టలను ఎత్తాడు లతీఫ్! ఎత్తిన ప్రతిసారీ నడుం మీద తెలుపు చూస్తూనే ఎత్తాడు. గుండె ఎలా కొట్టుకుంటుందో ఎప్పుడూ చూసుకోలేదు.

“దొరికిందా?” అన్నారు బాబా.

“పట్టుకున్నది బాబా.”

“ఏది?”

బొటనవేలు కొంచెం జరిపితే తోక అందుతుంది. జరపలేదు. ఎందుకు జరపలేకపోయాడో అతనికే తెలియదు.

“తెలుస్తలేదు,” అన్నాడు.

“దానికి తెలుసునా, అది పట్టుకున్నది ఎవరి వేలో?”

లతీఫ్ చేయి శాలువా కిందే ఉండిపోయింది. కొమురమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. గుమ్మటం మీది తడి బొట్లుబొట్లుగా వాకిట్లోకి రాలుతోంది.

చాలాసేపటికి అతను చేయి బయటికి తీశాడు. వేలికి వేలాడుతూ సన్నటి మట్టిరంగు పిట్ట. తోక రెండు పాయలు. లతీఫ్ చూశాడు. కొమురమ్మ చూసింది. బాబా మాత్రం అటు తిరిగి, కుండలోంచి ఆవిడ కోసం నీళ్ళు ముంచుతున్నారు.

లతీఫ్ మేడ మెట్ల వైపు నడిచాడు. రెండు మెట్లెక్కి ఆగాడు.

“రా అమ్మా,” అన్నాడు, వెనక్కి తిరగకుండా. “పేరు చెప్పేటోళ్ళు పక్కన ఉండాలె.”

కొమురమ్మ నీళ్ళు తాగకుండానే పరిగెత్తింది.

మేడ మీద గాలి చల్లగా ఉంది. వాన వెలిసిన మబ్బు కింద ఉసిళ్ళు లేచాయి. వాటి కోసం ఆకాశం నిండా పిట్టలు. విరిగిన తాటిచెట్టు మొండెం వనం మధ్యలో తెల్లగా కనబడుతోంది. కొమురమ్మ ఒకసారి అటు చూసి తల తిప్పుకుంది.

“పేరు?” అన్నాడు లతీఫ్.

“బుచ్చాగౌడ్.”

“తల్లి పేరు?”

ఆవిడ తడబడింది. ఇక్కడ మనిషిని తల్లి పేరుతోనే చెప్పుకుంటారని ఆవిడకు తెలియదు. “నీలమ్మ. మా అత్త. సచ్చిపోయింది పాపం.”

“నీలమ్మ కొడుకు బుచ్చాగౌడ్,” అన్నాడు లతీఫ్, ఎవరికో అప్పజెప్తున్నట్టు. బిస్మిల్లా అని చేయి పైకెత్తాడు.

పిట్ట వేలు వదల్లేదు. గాలికి రెక్కలు వణుకుతున్నాయి, వదల్లేదు. ఇంకెప్పుడైనా అయితే లతీఫ్ చేయి విదిలించేవాడు. ఇప్పుడు విదిలించలేదు. చేయి నొప్పి పుట్టింది. చేయి మార్చలేదు, దించలేదు.

“పోవే తల్లీ,” అంది కొమురమ్మ. “ఇంటికాడ చూస్తున్నడు.”

గోళ్ళు ఒక్కొక్కటే సడలాయి. పిట్ట జారి, రాయిలా పిట్టగోడ కిందికి పడిపోయింది. కొమురమ్మ కెవ్వుమంది. లతీఫ్ గోడ మీదికి వంగాడు. వాకిలి రాళ్ళకు జానెడు ఎత్తున రెక్కలు విప్పుకొని, మెట్లు దాటి, గేటు దాటి, మోకులు వేలాడుతున్న అరుగు మీదుగా పైకి లేచింది. ఇంకా లేచింది. ఉసిళ్ళ మీద తిరుగుతున్న వందల పిట్టల్లో కలిసింది.

కొమురమ్మ ఇక అక్కడ ఆగలేదు. ఎవరికీ దండం పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకొని, ఇంటి దారిన బురదలో పరుగు తీసింది.

లతీఫ్ కిందికి దిగాడు. చూపుడువేలి మీద గోళ్ళు దిగిన చోట రక్తం చుక్కలు కనబడుతున్నాయి. తుడుచుకోలేదు. బాబా బుట్ట దగ్గర కూర్చొని, మిగిలిన పిట్టకు విసనకర్రతో మెల్లగా విసురుతున్నారు.

“ఏ పిట్ట ఎగిరింది బేటా?” అన్నారు తల ఎత్తకుండా.

తోకా నడుమూ చూసి రెప్పపాటులో చెప్పేవాడు లతీఫ్. ఈసారి చాలాసేపు పట్టింది.

“నీలమ్మ కొడుకు, బాబా,” అన్నాడు.